లెవెల్ వేరు, చేవ వేరు

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం పూట ఇంతమంది వచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. ముందు వరుసల్లో పిల్లలతో పాటు అమ్మానాన్నలు కూడా కనిపిస్తున్నారు. వాళ్ల కోసం ఒక్క మాట చెప్పి మొదలుపెడతాను. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఒక పాత్రని మనమే తయారుచేసుకుని, ఆ పాత్రగా ఒక లోకంలో తిరగడం. కత్తి పట్టొచ్చు, మంత్రం వేయొచ్చు, దొంగతనానికి పోవచ్చు. ఈరోజు నేను మాట్లాడేది కత్తి పట్టినవాడి గురించి మాత్రమే. గేమ్ కూడా ఒక్కటే తీసుకున్నాను: స్కైరిమ్. 2011 నవంబర్ 11న విడుదలైంది. ఇన్నేళ్లయినా మీలో సగం మంది ఇంకా ఆడుతున్నారని ఇందాక చేతులెత్తినప్పుడు తెలిసింది.

నన్ను కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నా లెవెల్ ముప్పై దాటింది. అయినా గుహలోకి అడుగుపెడితే చాలు, చచ్చిపోతున్నాను. ఎందుకు?" నా ప్రసంగం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే. లెవెల్ పెరగడం వేరు, యోధుడు బలపడటం వేరు. ఈ గేమ్‌లో ఆ రెండూ ఒకటే అనుకుంటే దెబ్బ తింటాం.

కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ ఆటలన్నిటికీ మూలం 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. కంప్యూటర్ లేదు. కాగితం, పెన్సిలు, పాచికలు, చుట్టూ నలుగురు స్నేహితులు. అందులో యోధుడి పేరు "ఫైటింగ్ మ్యాన్". 2,000 పాయింట్లు వస్తే రెండో లెవెల్. ఆ పాయింట్లు ఎలా వస్తాయి? రాక్షసుల్ని చంపినా వస్తాయి, నేలమాళిగలోంచి బంగారం తెచ్చినా వస్తాయి. అంటే ఒక మూట నాణేలు ఇంటికి మోసుకొస్తే కత్తి పట్టడం మెరుగైపోతుంది! ఆటగా అది అద్భుతంగా నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. కానీ కొంతమందికి ఆ లెక్క రుచించలేదు. 1978లో రూన్‌క్వెస్ట్ అని ఇంకో ఆట వచ్చింది. దాంట్లో ఏ విద్య వాడితే ఆ విద్యే పెరుగుతుంది. సాహసం మధ్యలో కత్తి తిప్పి గెలిస్తే, కాగితం మీద కత్తి పక్కన ఒక గుర్తు పెట్టుకుంటారు. సాహసం అయ్యాక నూరు అంకెల పాచిక వేస్తారు. అప్పటికి మీకున్న నైపుణ్యం కంటే పెద్ద అంకె పడితేనే అది పెరుగుతుంది. చూడండి ఎంత అందంగా ఉందో! చేతకానివాడికి పెద్ద అంకె పడటం సులువు, కాబట్టి తొందరగా నేర్చుకుంటాడు. ఆరితేరినవాడికి కష్టం. కర్రసాము నేర్చుకున్న ఎవరినైనా అడగండి, మొదటి నెలలో వచ్చినంత మార్పు పదో ఏట రాదని చెప్తారు.

స్కైరిమ్ ఈ రెండో దారిలోది. ఇక్కడ రాక్షసుణ్ని చంపినందుకంటూ విడిగా పాయింట్లు రావు. మొత్తం 18 స్కిల్స్ ఉన్నాయి. అందులో యోధుడివి ఆరు: వన్ హ్యాండెడ్, టూ హ్యాండెడ్, ఆర్చరీ, బ్లాక్, హెవీ ఆర్మర్, స్మితింగ్. మామూలుగా అన్నీ 15 దగ్గర మొదలవుతాయి. కత్తితో కొడితే కత్తి స్కిల్, అంటే వన్ హ్యాండెడ్, పెరుగుతుంది. డాలుతో కాస్తే బ్లాక్ పెరుగుతుంది. ఒంటి మీద ఇనుప కవచం ఉండగా దెబ్బ తింటే హెవీ ఆర్మర్ పెరుగుతుంది. కొలిమి దగ్గర కూర్చుని బాకు చేస్తే స్మితింగ్ పెరుగుతుంది.

మరి లెవెల్ సంగతి? ఏదైనా స్కిల్ ఒక మెట్టు ఎక్కితే, ఆ మెట్టు అంకె ఎంతో అన్ని పాయింట్లు లెవెల్ ఖాతాలో పడతాయి. 15 నుంచి 16కి వెళ్తే 16 పాయింట్లు. 99 నుంచి 100కి వెళ్తే 100 పాయింట్లు. మొదటి లెవెల్ నుంచి రెండుకి 100 పాయింట్లు కావాలి, రెండు నుంచి మూడుకి 125, తర్వాత 150, అలా ప్రతిసారీ 25 పెరుగుతూ పోతుంది. ఖాతాలోకి వచ్చే పాయింట్లు కత్తివా, వంటకం లాంటి రసవిద్యవా, బజార్లో బేరమాడితే పెరిగే స్పీచ్‌వా అని గేమ్ చూడదు. అన్నీ ఒకే కుండలో పడతాయి.

ఇప్పుడు ఒక లెక్క చెప్తాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. కత్తి ముట్టకుండా, ఊరు దాటకుండా, ఒక్క స్మితింగే 15 నుంచి 100 దాకా తీసుకెళ్లారనుకుందాం. 16 నుంచి 100 వరకు అన్ని అంకెలూ కూడితే 4,930. పదిహేడో లెవెల్‌కి చేరడానికి మొత్తం 4,600 కావాలి, పద్దెనిమిదికి 5,100 కావాలి. అంటే మీరు పదిహేడో లెవెల్ యోధులు. కత్తి స్కిల్ ఇంకా 15.

అందులో తప్పేముంది అంటారా? శత్రువులు మీ లెవెల్ చూసి వస్తారు. అదీ సంగతి. మొదట్లో ఎదురయ్యే బందిపోటుని గేమ్ ఉత్త బాండిట్ అంటుంది. ఐదో లెవెల్ నుంచి అవుట్‌లా, తొమ్మిది నుంచి థగ్, పద్నాలుగు నుంచి హైవేమన్, ఇరవై ఐదుకి వచ్చేసరికి మరాడర్. సమాధుల్లో లేచి కూర్చునే డ్రాగర్ శవాలూ అంతే. పదమూడు దాటితే వైట్ అనే రకం వస్తుంది, ముప్పై దాటితే డెత్‌లార్డ్ వస్తాడు, ఒక్క అరుపుతో చేతిలో ఆయుధం ఎగిరి అవతల పడేలా చేస్తాడు. మీ లెవెల్‌ని బేరాలాడి పెంచారో, కత్తి తిప్పి పెంచారో వాళ్లకి అక్కర్లేదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పేది కాదు. గేమ్ వచ్చిన కొత్తలో నేను రివర్‌వుడ్ ఊళ్లో కమ్మరి ఆల్వర్ కొలిమి దగ్గరే ఉండిపోయాను. ఒక ఇనుప కడ్డీ, ఒక తోలు పట్టీ ఉంటే ఒక బాకు తయారవుతుంది. అప్పట్లో బాకు చేసినా, గొప్ప కత్తి చేసినా స్మితింగ్ ఒకేలా పెరిగేది. చేసిన వస్తువు విలువని బట్టి పెరగడం తర్వాత వచ్చిన ప్యాచ్‌లో, అంటే గేమ్‌కి చేసిన సవరణలో, మొదలైంది. వందల బాకులు చేశాను. స్మితింగ్ వందకి చేరింది. లెవెల్ పెరిగినప్పుడు పెర్కులు వస్తాయి, అంటే స్కిల్‌కి జోడించుకునే ప్రత్యేక శక్తులు. వచ్చినవన్నీ అందులోనే పెట్టాను. చాలా గర్వంగా ఒక సమాధిలోకి దిగాను. అక్కడ లేచిన మొదటి డ్రాగర్‌ని పడగొట్టడానికి నాకు ఎన్ని దెబ్బలు పట్టాయో ఇప్పటికీ గుర్తుంది. డాలు ఎప్పుడెత్తాలో తెలీదు, స్టామినా, అంటే దమ్ము, ఎప్పుడు దాచుకోవాలో తెలీదు. నా పాత్రకి తెలీదు, నాకూ తెలీదు. ఆ సేవ్ వదిలేసి కొత్త పాత్ర మొదలుపెట్టాను. ఆ రెండో పాత్రతో నేర్చుకున్నదే మీకు చెప్పాలని ఇక్కడికి వచ్చాను.

మొదట్లో చేయాల్సినవి చప్పున చెప్పేస్తాను. హెల్గెన్ ఊళ్లో తల నరికే మొద్దు దగ్గర్నుంచి తప్పించుకుని రివర్‌వుడ్‌కి నడిచే దారిలో మూడు నిలువు రాళ్లు ఉంటాయి. అందులో వారియర్ రాయిని తాకండి. యోధుడి స్కిల్స్ ఇరవై శాతం తొందరగా పెరుగుతాయి. రాత్రి పడుకుని లేస్తే గేమ్ కాలంలో ఎనిమిది గంటల పాటు ఇంకొంచెం తొందరగా పెరుగుతాయి: మామూలు పక్కయితే ఐదు శాతం, మీ సొంత మంచమో, సత్రంలో అద్దెకి తీసుకున్న మంచమో అయితే పది. జాతి ఎంచుకునేటప్పుడు ఓర్క్ తీసుకుంటే హెవీ ఆర్మర్ 25 దగ్గర మొదలవుతుంది, రెడ్‌గార్డ్‌కి వన్ హ్యాండెడ్, నార్డ్‌కి టూ హ్యాండెడ్. పదేసి మెట్ల తేడా కొన్ని గంటల్లో కలిసిపోతుంది, కాబట్టి జాతి గురించి రాత్రంతా ఆలోచించకండి. మీకు ఏ ముఖం నచ్చితే అది తీసుకోండి.

ఆలోచించాల్సింది స్కిల్స్ గురించి. ఒక ఆయుధం, ఒక కవచం, ఒక డాలు. మొదటి ఇరవై లెవెల్స్‌లో ఈ మూడే. విల్లు కూడా కావాలంటే కొద్దిగా తీసుకోండి, ఎగిరే డ్రాగన్ దగ్గర పనికొస్తుంది.

ఈ మూడింట్లో నాకు ప్రాణమైనది డాలు. అందరూ వదిలేసేదీ అదే. రెండు చేతుల్లో రెండు గొడ్డళ్లు పట్టుకుంటే చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ డాలు పట్టినవాడే యుద్ధం నేర్చుకుంటాడని నా నమ్మకం. ఎందుకో చెప్తాను. డాలు మీద పడిన దెబ్బ ఎంత బలమైనదైతే బ్లాక్ అంత ఎక్కువ పెరుగుతుంది. అంటే బలహీనుల ముందు నిలబడితే పెద్దగా నేర్చుకోరు, బలవంతుడి ముందు నిలబడితేనే నేర్చుకుంటారు. పైగా శత్రువు చెయ్యి ఎప్పుడు వెనక్కి లాగుతున్నాడో, ఆ పెద్ద దెబ్బ ఎప్పుడు వస్తోందో చూడటం మీకు అలవాటవుతుంది. బ్లాక్ ముప్పైకి చేరాక క్విక్ రిఫ్లెక్సెస్ పెర్క్ తీసుకోండి. శత్రువు పవర్ అటాక్, అంటే ఆ పెద్ద దెబ్బ, ఎత్తినప్పుడు మీ డాలు పైకి లేచి ఉంటే కాలం నెమ్మదిస్తుంది. మొదటిసారి అలా జరిగినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. గొడ్డలి గాల్లో ఉంది, నాకు అన్నీ కనిపిస్తున్నాయి, పక్కకి జరిగే సమయం ఉంది. అదే ముప్పై దగ్గర బాణాల్ని ఆపే పెర్క్ ఉంటుంది. యాభై దగ్గర నిప్పు, మంచు, మెరుపు దెబ్బల్ని సగం తగ్గించేది ఉంటుంది, అది డ్రాగన్ ఊపిరికి విరుగుడు. వంద దగ్గర డాలు ముందుకు పెట్టి పరుగెత్తితే ఎదురొచ్చినవాళ్లు చెల్లాచెదురైపోతారు.

డాలుతో ఎదుటివాణ్ని తోయొచ్చు కూడా. దాన్ని బ్యాష్ అంటారు. పవర్ అటాక్ ఎత్తినవాణ్ని సరిగ్గా ఆ క్షణంలో తోస్తే వాడి దెబ్బ మధ్యలోనే ఆగిపోతుంది. దానికి స్టామినా ఖర్చవుతుంది. ఇక్కడ అమ్మలకి నచ్చే సంగతి ఒకటుంది. క్యాబేజీ, బంగాళాదుంప, టమాటా, ఉల్లికాడలాంటి లీక్, ఒక్కొక్కటి వేసి వంటకుండ దగ్గర కూరగాయల సూప్ చేసుకోవచ్చు. అది తాగితే 720 సెకన్ల పాటు, అంటే పన్నెండు నిమిషాలు, సెకనుకి ఒక్కో పాయింటు చొప్పున హెల్త్, స్టామినా తిరిగి వస్తుంటాయి. ఒక్క పాయింటేగా అనుకోకండి. పవర్ అటాక్ చేయడానికి స్టామినా నిండుగా ఉండక్కర్లేదు, సున్నా కంటే ఎక్కువ ఉంటే చాలు. కాబట్టి ఆ పన్నెండు నిమిషాలూ మీ చెయ్యి ఆగదు. పొలాల్లో క్యాబేజీలు కోసుకునే యోధుణ్ని చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పెద్ద యుద్ధానికి వెళ్లే ముందు నేను నాలుగు సూపులు లేకుండా బయలుదేరను.

ఇక గురువుల సంగతి. వైట్‌రన్ పట్నంలో జోర్వాస్కర్ అనే పొడుగాటి ఇల్లు ఉంటుంది, పడవని తిరగేసి పెట్టినట్టు. అక్కడ కంపానియన్స్ అనే వీరుల బృందం. చేరాలంటే పెరట్లో విల్కాస్ మీ కత్తిని పరీక్షిస్తాడు. చేరాక ఆ ఒక్క ఇల్లే మీకు తాలింఖానా. కత్తికి ఆథిస్, డాలుకి న్యాడా, పెద్ద ఆయుధాలకి విల్కాస్, కవచానికి ఫార్కాస్, విల్లుకి ఏలా. ఆ ఇంటి పైనున్న కొలిమి దగ్గర యోర్లుండ్ గ్రేమేన్ అనే పెద్దాయన స్మితింగ్ నేర్పుతాడు. డబ్బు ఇస్తే ఒక మెట్టు ఎక్కిస్తారు. కానీ ఒక్కో లెవెల్‌కి ఐదుసార్లే. మెట్టు పెరిగేకొద్దీ రుసుమూ పెరుగుతుంది.

ఆ ఐదూ ఎక్కడ ఖర్చు పెట్టాలి? చాలామంది కత్తి మీద పెడతారు. నేను వద్దంటాను. కత్తి ఎలాగూ రోజూ తిప్పుతారు, దానంతటదే పెరుగుతుంది. యుద్ధంలో నెమ్మదిగా పెరిగేవి హెవీ ఆర్మర్, బ్లాక్. ఎందుకంటే మీరు బాగా ఆడేకొద్దీ ఒంటి మీద దెబ్బలు తగ్గుతాయి, కవచానికి అభ్యాసం దొరకదు. అక్కడ గురువు కావాలి. దొరికిన స్కిల్ పుస్తకాల్లో కూడా ఒక్కోటి ఒక మెట్టు ఎక్కిస్తుంది, ఒక్కో స్కిల్‌కి ఐదు ఉంటాయి, కనిపించినప్పుడల్లా తెరిచి చూడండి.

రివర్‌వుడ్‌లో ఫేండల్ అని విలుకాడు ఉంటాడు. వాడితో స్నేహం చేసి, మీ వెంట తెచ్చుకుని, డబ్బిచ్చి విల్లు నేర్చుకుని, మళ్లీ వాడి సంచిలోంచి ఆ డబ్బు తీసేసుకోవచ్చని అందరికీ తెలుసు. చేయొచ్చు. గేమ్ ఒప్పుకుంటుంది. నేను మాత్రం చేయను. గురుదక్షిణ వెనక్కి తీసుకోవడానికి నా చెయ్యి రాదు. అది నా పద్ధతి, మీది మీ ఇష్టం.

కవచం గురించి ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 567. తల, ఒళ్లు, చేతులు, కాళ్లు, నాలుగూ తొడుక్కున్నప్పుడు తెర మీద కనిపించే ఆర్మర్ రేటింగ్ 567కి చేరితే వచ్చే దెబ్బలో ఎనభై శాతం తగ్గిపోతుంది. అదే హద్దు. డాలు కూడా ఉంటే 542 చాలు. అంతకు మించి వెయ్యి ఉన్నా రెండు వేలు ఉన్నా ఉపయోగం ఉండదు. ఆ హద్దు దాటాక కూడా కవచానికి పెర్కులు పోసేవాళ్లని చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పెర్కుల్ని కత్తి స్కిల్ పెర్కుల చెట్టులో ఆర్మ్స్‌మన్ అనేదానికి పెట్టండి. అది ఐదు మెట్లు, ఐదోది తీసుకునేసరికి దెబ్బ రెట్టింపు అవుతుంది.

స్మితింగ్ గురించి ఇందాక అంత చెప్పాను కాబట్టి అది వద్దంటున్నానని అనుకోకండి. యోధుడికి సానరాయి ఉండాల్సిందే. సమయం తెలియాలి, అంతే. కత్తి, డాలు, కవచం మూడూ నలభై యాభై దగ్గరికి వచ్చాక కొలిమి దగ్గర కూర్చోండి. అప్పుడు బాకులు వద్దు, బంగారు ఉంగరాలు చేయండి, విలువ ఎక్కువ. హాల్టెడ్ స్ట్రీమ్ క్యాంప్ అనే బందిపోట్ల గనిలో ట్రాన్స్‌మ్యూట్ మంత్రం పుస్తకం దొరుకుతుంది. ఇనుప ఖనిజాన్ని వెండిగా, వెండిని బంగారంగా మారుస్తుంది. యోధుడైనా ఆ ఒక్క మంత్రం నేర్చుకోవచ్చు.

లెవెల్ పెరిగినప్పుడు హెల్త్, స్టామినా, మ్యాజికా అనే మంత్రశక్తి, ఈ మూడింట్లో ఒకదానికి పది కలుపుకోవాలి. ఏది? మొదట్లో రెండుసార్లు హెల్త్‌కి పెడితే ఒకసారి స్టామినాకి. స్టామినాకి పెట్టిన ప్రతిసారీ మోయగలిగే బరువు కూడా ఐదు పెరుగుతుంది. ఇంకో చిన్న కిటుకు. లెవెల్ పెరిగిందని గేమ్ చెప్పగానే మెనూలోకి పరుగెత్తకండి, ఆగండి. మీరు ఆ పది ఎక్కడికో ఎంచుకున్న క్షణంలో హెల్త్, స్టామినా, మ్యాజికా మూడూ పూర్తిగా నిండుతాయి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అది సంజీవని.

నది ఒడ్డున ఎండ్రకాయ ముందు నిలబడి, కీబోర్డ్ మీద బరువు పెట్టి, రాత్రంతా దెబ్బలు తింటూ కవచం పెంచుకునేవాళ్లున్నారు. బ్లాక్‌కీ అదే చేస్తారు. పొద్దున లేచేసరికి స్కిల్ పెరిగి ఉంటుంది, నిజమే. లెవెలూ పెరిగి ఉంటుంది, దానితో పాటు బయట బందిపోట్లూ పెరిగి ఉంటారు. మీ వేళ్లు మాత్రం నిన్న ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. దాని బదులు ఇద్దరు ముగ్గురు బందిపోట్లున్న చిన్న కోటకి వెళ్లండి. ఇరుకు గుమ్మంలో నిలబడండి, ఒకరి తర్వాత ఒకరు వస్తారు. డాలు ఎత్తండి, మొదటి దెబ్బ కాయండి, ఒక దెబ్బ కొట్టండి, మళ్లీ ఎత్తండి. పది నిమిషాల్లో మూడు స్కిల్స్ ఒకేసారి కదులుతాయి. కత్తి స్కిల్ కొట్టిన ప్రతి దెబ్బకీ, ఆ ఆయుధం అసలు బలాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ఒక్క దెబ్బకి పడిపోయేవాడి కంటే పది దెబ్బలు తట్టుకునేవాడే మీకు మంచి గురువు.

ఆ వెనక నిలబడిన అమ్మాయి ఏదో అడుగుతోంది... కొంచెం గట్టిగా అడుగు తల్లీ. ఆ, మంచి ప్రశ్న. "స్కిల్ వందకి చేరాక ఇంక ఏం చేయాలి?" అని అడుగుతోంది. మొదట్లో అన్ని స్కిల్సూ వందకి చేరితే లెవెల్ 81 దగ్గర ఆగిపోయేది. 2013లో వచ్చిన 1.9 ప్యాచ్‌తో లెజెండరీ అనే ఏర్పాటు వచ్చింది. వందకి చేరిన స్కిల్‌ని మీరే మళ్లీ 15కి దించేయొచ్చు, అందులో పెట్టిన పెర్కులన్నీ చేతికి తిరిగి వస్తాయి. లెవెల్‌కి హద్దు పోయింది. నేను కత్తిని అలా రెండుసార్లు దించాను. పదిహేనుకి దిగిన రోజు పాత శత్రువే మళ్లీ కొండలా కనిపిస్తాడు. కానీ డాలు ఎప్పుడెత్తాలో ఈసారి మీకు తెలుసు కదా, ఆ భాగాన్ని గేమ్ వెనక్కి తీసుకోలేదు. నువ్వు ఏ స్కిల్ వందకి తెచ్చావమ్మా? టూ హ్యాండెడా! అయితే ముందుకి వచ్చి కూర్చో. ఇప్పుడు ఈ తెర మీద కొత్త పాత్రతో హెల్గెన్ నుంచి మొదలుపెడుతున్నాం. డాలు నేను పడతాను, గుమ్మం దగ్గర ఎక్కడ నిలబడాలో నువ్వు చెప్పు.